తిమింగల సొర, పెద్దపులి: ముప్పులో ఉన్న రెండు జీవుల పోలికపై తరచుగా అడిగే ప్రశ్నలు

అంతరించే ముప్పున్న జీవుల మాట రాగానే పెద్దపులి గుర్తొస్తుంది. ఆ పక్కన ఒక సొరచేపను నిలబెట్టి చూడటం చాలామందికి కొత్త. బడి ప్రాజెక్టులు చేసే పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, తీరంలోని మత్స్యకారులు, అడవి అంచు ఊళ్ల రైతులు అడిగే సందేహాలు మాత్రం మళ్లీ మళ్లీ అవే. వాటికి జవాబులు దశలవారీగా కింద ఇచ్చాం. ఎక్కడి నుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు.

## పోలిక మొదలుపెట్టే ముందు

ఇన్ని జంతువులుండగా ఈ రెండింటినే ఎందుకు పోల్చాలి?

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) ముప్పున్న జీవులకు వర్గాలిచ్చే ఎర్ర జాబితాలో రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఆ మెట్టు పేరు ‘ఎండేంజర్డ్’, అంటే అంతరించే ముప్పున్నది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ రెండూ ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లోనే (జాబితాలోనే) ఉన్నాయి. ఒంటి మీద గుర్తులను బట్టి రెండింటినీ విడివిడిగా గుర్తుపట్టవచ్చు. పులి నల్లమలలో తిరుగుతుంది, సొర బంగాళాఖాతంలో తిరుగుతుంది కాబట్టి రెండూ మనకు పరాయివి కావు. ఇన్ని కలిసినా వాటి బతుకు లెక్క పూర్తిగా వేరు. ఆడపులి మూడు నాలుగేళ్లకే పిల్లల్ని కంటుంది. తిమింగల సొర ఈడుకు రావడానికే పాతికేళ్లు పడుతుంది. హోదా, చట్టం ఒకటే అయినా రెండింటికీ ఒకే మందు పనిచేయదని చూపించడానికి ఇది చక్కని జత.

తిమింగల సొర తిమింగలమా, సొరచేపా?

సొరచేపే. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప కూడా ఇదే. దక్షిణాఫ్రికాలోని టేబుల్ బేలో దొరికిన చేపను బట్టి 1828లో ఆండ్రూ స్మిత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. శాస్త్రీయ నామం రింకోడాన్ టైపస్. ఒడ్డున భారీ జీవి కనబడితే ముందు తోక చూడండి. తోక నిలువుగా ఉండి, తల పక్కన ఐదేసి మొప్ప చీలికలుంటే అది సొర. తోక అడ్డంగా పరుచుకుని, నెత్తిన ఊపిరి రంధ్రం ఉంటే తిమింగలం. తిమింగలం గాలి పీల్చే క్షీరదం. సొరకు మొప్పల మీదుగా నీళ్లు పారకపోతే ఊపిరి ఆడదు. కాపాడే పద్ధతి ఈ తేడా మీదే ఆధారపడుతుంది కాబట్టి ఒడ్డున నిలబడ్డవాళ్లు మొదటి నిమిషంలోనే ఇది తేల్చుకోవాలి.

అంత పెద్ద సొర మనుషుల్ని తింటుందా?

తినదు. దాని ఆహారం ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), క్రిల్ రొయ్యలు, చేపగుడ్లు, చిన్న చేపలు. నోరు మీటరున్నర దాకా తెరుచుకుంటుంది గానీ, అందులోని మూడు వేల పైచిలుకు పళ్లు అగ్గిపుల్ల తలంత కూడా ఉండవు. నీటిని నోట్లోకి తీసుకుని, జల్లెడలాంటి మెత్తల గుండా వడపోసి మొప్పల్లోంచి వదిలేస్తుంది. ఆరు మీటర్ల పైన పొడవున్న ఒక సొర నీటి పైపొరలో మేసేటప్పుడు గంటకు 600 ఘనపు మీటర్ల నీటిని వడపోస్తున్నట్టు మెక్సికో తీరంలో కొలిచారు. దీనివల్ల మనిషికి ప్రమాదమంటూ ఉంటే అది తోక దెబ్బే.

రెండూ ఆహారపు గొలుసులో పైనే ఉంటాయి కదా?

ఉండవు. ప్రాజెక్టుల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇది. పులి తన అడవిలో పైమెట్టు వేటగాడు. ఒక్క పులికి ఏడాదికి దుప్పి సైజు జంతువులు సుమారు 50 కావాలి. కాబట్టి దుప్పులు, కణుజులు, అడవిపందులు లేని అడవిలో కాపలా ఎంత పెట్టినా పులి నిలవదు. తిమింగల సొర మాత్రం ఒళ్లు పెద్దదైనా ప్లవకాలు తినే జీవి, వేట గొలుసులో పైమెట్టు దానిది కాదు. ప్లవకాలు ఎక్కడ విరివిగా పుడితే అక్కడికి ప్రయాణమవుతుంది. ఒకదానికి వేట జంతువులున్న అడవి కావాలి, మరొకదానికి మేత పుట్టే నీళ్లు, వాటిని కలిపే దారులు కావాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇవి ఎక్కడ ఉన్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో పులులకు ప్రధాన నెలవు నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం. రాష్ట్ర విభజన తర్వాత దాని తెలంగాణ భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ అభయారణ్యమైంది. తెలంగాణ ఉత్తరాన కవ్వాల్ ఉంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి నదులు దాటి పులులు అక్కడికి వస్తుంటాయి. 2022 పులుల గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులున్నాయి. తిమింగల సొరకు అలా గీత గీసిన చోటు లేదు. గుజరాత్ తీరంలో ఏటా గుమికూడుతుంది. కేరళ, లక్షద్వీప్, తూర్పు తీరాల్లో అడపాదడపా వలల్లో పడుతుంది, ఒడ్డుకూ వస్తుంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి వచ్చిన సొరను అటవీశాఖ, మత్స్యకారులు, సంరక్షకులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

## లెక్కల దగ్గర వచ్చే సందేహాలు

ప్రపంచంలో పులులెన్ని, తిమింగల సొరలెన్ని?

అడవుల్లో ఉన్న పులులు సుమారు 3,700 నుంచి 5,600 మధ్య అని అంచనా. అందులో సుమారు మూడింట రెండు వంతులు మన దేశంలోనే ఉన్నాయి. 2022 గణనలో భారత్ అంచనా 3,682. తిమింగల సొరలకు ప్రపంచ స్థాయిలో నమ్మదగిన మొత్తం సంఖ్య లేదు. ఒంటి చుక్కలను బట్టి ఇప్పటిదాకా విడివిడిగా గుర్తించినవి పది వేలు దాటాయి, కానీ అది జాబితాలోకి ఎక్కినవాటి లెక్కే, ఇప్పుడు బతికున్నవాటి లెక్క కాదు. అందుకే పట్టికలో పులి గడిలో సంఖ్య రాస్తే, సొర గడిలో తగ్గుదల శాతం రాయడం సరైన పద్ధతి.

పది వేలు దాటిన సొర, ఐదారు వేలు లేని పులి ఒకే వర్గంలో ఎలా ఉంటాయి?

ఎర్ర జాబితా తలల్ని లెక్కపెట్టి మాత్రమే వర్గం ఇవ్వదు. ఎంత వేగంగా తగ్గుతున్నాయన్నది కూడా ఒక కొలమానం. పదేళ్లు, మూడు తరాలు, ఈ రెండింట్లో ఏది ఎక్కువ కాలమైతే ఆ కాలంలో జరిగిన తగ్గుదల చూస్తారు. తగ్గుదలకు కారణం ఇంకా ఆగని చోట 30 శాతం తగ్గితే ‘వల్నరబుల్’ (ముప్పు మొదలైనది), 50 శాతం తగ్గితే ‘ఎండేంజర్డ్’, 80 శాతమైతే ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’ (తీవ్ర ముప్పున్నది). తిమింగల సొరకు మూడు తరాలంటే 75 ఏళ్లు. ఆ కాలంలో హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో 63 శాతం, అట్లాంటిక్‌లో 30 శాతానికి పైగా తగ్గాయని 2016 మదింపులో తేలింది. మొత్తం తిమింగల సొరల్లో నాలుగింట మూడు వంతులు హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోనే ఉంటాయి కాబట్టి ప్రపంచ తగ్గుదల 50 శాతం దాటింది. 2000 నుంచి ‘వల్నరబుల్’గా ఉన్న జీవి అలా పైమెట్టుకు చేరింది.

మన దేశంలో పులులు పెరిగాయి కదా, ఇంకా ముప్పులోనే ఎందుకున్నట్టు?

పెరిగిన మాట నిజం. 2006లో 1,411, 2010లో 1,706, 2014లో 2,226, 2018లో 2,967, 2022లో 3,682. కానీ పులి ఒకప్పుడు తిరిగిన నేలలో 90 శాతానికి పైగా ఇప్పుడు దానికి లేదు. కంబోడియా, లావోస్, వియత్నాం అడవుల్లో పులి కనుమరుగైంది. ఇక్కడి పెరుగుదల కూడా అన్నిచోట్లా లేదు: తెలంగాణ అంచనా 2018లో 26 ఉంటే 2022లో 21కి దిగింది. దేశపు మొత్తం చూసి సంబరపడితే పక్క అడవి ఖాళీ అవుతున్న సంగతి కంటికి ఆనదు. వర్గం ఇచ్చేది ప్రపంచం మొత్తానికి అన్నది గుర్తుంచుకోండి.

చారలను, చుక్కలను చూసి ఒక్కో జంతువును ఎలా గుర్తుపడతారు?

పులి విషయంలో దారికి రెండు పక్కలా ఎదురెదురుగా రెండు కెమెరాలు బిగిస్తారు. కారణం, పులికి ఎడమ పక్క చారలు ఒక తీరు, కుడి పక్కవి ఇంకో తీరు. ఒక పక్కే ఫొటో ఉంటే ఒకే పులిని రెండుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గడులుగా విభజించి, గడికొక జత చొప్పున పెడతారు. 2022 గణనలో 32,588 చోట్ల కెమెరాలు పెడితే 4 కోట్ల 70 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. అందులో పులి పడినవి 97,399 మాత్రమే. వాటిలోంచి 3,080 పులులను విడివిడిగా గుర్తించారు. కెమెరా అందని చోట్ల ఆనవాళ్లు, వేట జంతువుల సాంద్రత చూసి మిగతాది అంచనా కట్టి 3,682 అన్నారు.

తిమింగల సొరకు ఐదో మొప్ప చీలిక వెనక, పక్క రెక్కకు పైనున్న చోటు ముఖ్యం. అక్కడి తెల్లచుక్కల అమరిక ఏళ్లు గడిచినా మారదు. ఎడమ పక్కను ప్రామాణికంగా తీసుకుంటారు, కుడి పక్క కూడా తీస్తే మేలు. చుక్కల మధ్య ఏర్పడే త్రిభుజాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల ఫొటోలకు వాడిన గణిత పద్ధతిని 2005లో ఈ పనికి మలిచారు. ఫొటో ఏటవాలుగా తీసినా, అలల నీడ పడినా త్రిభుజాల కొలతలు తప్పుతాయి, పాత సొర కొత్తదిగా నమోదవుతుంది. అందుకే పక్కనుంచి, సొరకు సమాంతరంగా ఉండి తీయాలి.

పాదముద్రలతో పులుల్ని లెక్కపెట్టడం ఎందుకు మానేశారు?

ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో ఇంకోలా పడుతుంది. గాజుపలక పెట్టి గీసే మనిషి చెయ్యి మారితే గీత మారుతుంది. దాంతో ఒక పులి రెండు మూడు పులులయ్యేది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులుండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ తర్వాత కెమెరా ఆధారిత పద్ధతికి మారారు. పాదముద్రకు ఇప్పటికీ విలువ ఉంది, కానీ పులి వచ్చిందని చెప్పడానికే.

## బతుకు తీరు, కోలుకునే వేగం

రెండింట్లో ఏది త్వరగా కోలుకుంటుంది?

పులి. ఇందులో అనుమానమే లేదు. ఆడపులి మూడు నాలుగేళ్లకు ఈడుకొస్తుంది. గర్భం నూట అయిదు రోజులకు అటూ ఇటూ. ఈతకు రెండు నుంచి నాలుగు కూనలు. అవి రెండేళ్లలో తల్లిని వదిలిపోతే మళ్లీ ఎదకు వస్తుంది. కూనల్లో చాలా భాగం చనిపోయినా, వేట జంతువులు, నీళ్లు, కాపలా ఉంటే సంఖ్య గట్టిగా పుంజుకుంటుంది. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి పులులు పూర్తిగా పోయాయి. అదే ఏడాది ఇతర అడవుల నుంచి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి యాభై దాటాయి.

తిమింగల సొరతో ఇలా సాధ్యం కాదు. ఈడుకు రావడానికి పాతికేళ్లకు అటూ ఇటూ పడుతుంది. ఎనిమిది తొమ్మిది మీటర్లు పెరిగితే గానీ జత కట్టదు. 1950, 60ల నాటి అణుపరీక్షల నుంచి సముద్రంలో కలిసిన కార్బన్ గుర్తులను వెన్నుపూసల వలయాల్లో కొలిచి, ఒక సొర 50 ఏళ్లు బతికిందని 2020లో రుజువు చేశారు. ఈ రోజు ఒక పిల్ల సొర వలలో చనిపోతే దాని స్థానంలో ఇంకొకటి పిల్లల్ని కనే స్థితికి రావడానికి ఒక మనిషి తరం పడుతుంది. పులుల సంగతి గణన నాలుగేళ్లకోసారి చెబుతుంది, దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. సొర తగ్గిందని తేలేసరికి దిద్దుకునే సమయం దాటిపోయి ఉంటుంది. కాబట్టి లెక్కలన్నీ తేలాకే కాపాడదామనే వాదన సొర విషయంలో పనికిరాదు.

ఒక్క కాన్పులో 300 పిల్లలంటారు, మరి ముప్పు ఎక్కడిది?

1995లో తైవాన్ దగ్గర పట్టుబడిన 10.6 మీటర్ల ఆడ సొర కడుపులో 300 పిల్లలు దొరికాయి. గుడ్లు కడుపులోనే పొదిగి పిల్లలుగా బయటికి వస్తాయని అప్పుడే తేలింది. అవి ఒకే ఈడువి కావు, వేర్వేరు దశల్లో ఉన్నాయి. పెద్దవి 60 సెంటీమీటర్లు దాటాయి. అయితే గర్భంతో ఉన్న సొరను అంత వివరంగా చూసింది ఆ ఒక్కసారే. ఏడాదికోసారి కంటుందో, కొన్నేళ్లకోసారి కంటుందో తేలలేదు. మూరెడు పిల్లను మింగే పెద్ద చేపలు సముద్రంలో బోలెడు. నీలి సొర కడుపులో, బ్లూ మార్లిన్ అనే పెద్ద చేప కడుపులో తిమింగల సొర పిల్లలు దొరికిన దాఖలాలున్నాయి. 300 పుట్టినా పాతికేళ్లు గడిపి పెద్దయ్యేవి ఎన్నన్నదే అసలు లెక్క.

ఎంత చోటు కావాలి?

వేట జంతువులు దండిగా ఉన్న అడవిలో ఆడపులికి ఇరవై చదరపు కిలోమీటర్లు చాలవచ్చు. నల్లమలలాంటి ఎండు అడవిలో అంతకు చాలా రెట్లు తిరగాల్సి వస్తుంది. మగపులి పరిధిలో రెండు మూడు ఆడపులుల పరిధులుంటాయి. తిమింగల సొరకు పరిధి గీయలేం. 2011లో పనామా దగ్గర ట్యాగ్ (జాడ తెలిపే పరికరం) వేసిన ‘యాన్’ అనే ఆడ సొర 20,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పసిఫిక్ అవతలి ఒడ్డు వైపు మరియానా అగాధం దాకా చేరింది. లోతుకు దిగితే 1,900 మీటర్లు దాటిన రికార్డు ఉంది.

## ముప్పు ఎటు నుంచి

ఇప్పుడు వీటిని ఎక్కువగా చంపుతున్నదేమిటి?

పులికి వేటగాళ్ల ఉచ్చులు, చర్మం, ఎముకల అక్రమ వ్యాపారం, అడవులు ముక్కలవడం, పశువుల కోసం జరిగే పగ. తిమింగల సొరకు ఇతర చేపల కోసం వేసిన వలలు, కొన్ని దేశాల్లో మాంసం, రెక్కల కోసం వేట, పెద్ద ఓడల తాకిడి. పులి మీద జరిగే దాడిలో చంపాలనే ఉద్దేశం తరచుగా ఉంటుంది. సొర చావుల్లో చాలావరకు ఎవరూ కోరుకోనివి. అందుకని సొర విషయంలో కాపలాదారుల సంఖ్య పెంచడం కన్నా వల వేసేవాళ్లతో, ఓడ నడిపేవాళ్లతో మాట్లాడటం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఓడలు ఢీకొంటే శవాలు తేలాలి కదా, ఎందుకు కనబడవు?

తిమింగల సొర చనిపోతే మునిగిపోతుంది. అందుకే ఈ ముప్పు చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. ట్యాగులు వేసిన సొరల దారులను పెద్ద ఓడల దారులతో పోల్చిన అధ్యయనం 2022లో వచ్చింది. సొరలు తిరిగే చోట్లలో 90 శాతానికి పైగా ఓడల దారులతో కలిసిపోతున్నాయని తేలింది. ఇవి దాదాపు సగం సమయం పైపొర 20 మీటర్లలోనే గడుపుతాయి, పెద్ద ఓడ అడుగు దిగేది కూడా అంత లోతుకే. కొన్ని ట్యాగుల సంకేతం ఓడల రద్దీ ఉన్న చోటే ఆగిపోయింది. కొన్ని ట్యాగులు సొర నెమ్మదిగా అడుక్కి దిగిపోయినట్టు చూపించాయి. గుమికూడే కాలంలో ఓడల వేగం తగ్గించడం, దారి కొద్దిగా జరపడం ఇందుకున్న ఉపాయాలు.

పొలం చుట్టూ కరెంటు తీగ అడవిపందుల కోసమే కదా, పులికేం సంబంధం?

పంది వచ్చే దారినే పులీ వస్తుంది. పందిని తరుముతూ వచ్చిన పులి, ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోతున్న కుర్రపులి పొలాల గుండానే నడుస్తాయి. లైను నుంచి నేరుగా లాగిన తీగ పంది, పులి, మనిషి అని చూడదు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు సైతం ఈ తీగలకు బలయ్యారు. ఇది అటవీ నేరమూ, విద్యుత్ నేరమూ. సౌరశక్తితో నడిచే, క్షణకాలం మాత్రం షాకిచ్చి వదిలే ప్రమాణిత కంచె వేరు. అది బెదిరిస్తుంది, చంపదు.

## చట్టం, మార్కెట్

ఏ చట్టం కింద రక్షణ ఉంది? శిక్ష ఎంత?

రెండింటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే. తిమింగల సొరను 2001 మే 28న మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన దేశంలో ఆ రక్షణ పొందిన తొలి చేప అదే. మొదటి షెడ్యూల్ జీవిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. పులికి అదనంగా 1973 ఏప్రిల్ 1న మొదలైన ప్రాజెక్ట్ టైగర్, అభయారణ్యాలు, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఉన్నాయి. సొరకు ఇలాంటి ప్రత్యేక వ్యవస్థ లేదు. చట్టంలో సమాన హోదా ఉండి, నిధుల్లో, మనుషుల్లో ఇంత తేడా ఉండటం సరికాదు.

సొర పుట్టు (సొరచేప తురుము కూర) తింటే నేరమా?

అన్ని సొరలూ నిషిద్ధం కాదు. పాల సొరలాంటి చిన్నవి చట్టప్రకారమే మార్కెట్లో అమ్ముతారు, గోదావరి జిల్లాల్లో పుట్టు వండేది మామూలుగా అలాంటివాటితోనే. వన్యప్రాణి చట్టం మొదటి, రెండో షెడ్యూళ్లలో ఉన్న జాతులను పట్టడం, కొనడం, అమ్మడం నేరం. రెక్కలు కోసి మొండేన్ని సముద్రంలో పారేయడం 2013 నుంచి ఏ సొర విషయంలోనూ కుదరదు, రెక్కలు ఒంటికి ఉండగానే ఒడ్డుకు తేవాలి. కొనేటప్పుడు తల, తోక ఉన్న చేపనే అడగండి. ముక్కలు కొట్టాక జాతి తేల్చడం కష్టం. ఒంటి మీద తెల్లచుక్కలు, పొడవాటి గట్లు ఉన్న ముక్క కనిపిస్తే కొనొద్దు, మత్స్యశాఖకో అటవీశాఖకో చెప్పండి.

గుజరాత్‌లో వేటాడినవాళ్లే కాపాడేవాళ్లుగా ఎలా మారారు?

వెరావల్, మంగ్రోల్ ప్రాంతంలో ఒకప్పుడు పెద్ద గాలాలకు పీపాలు కట్టి తిమింగల సొరను అలిసిపోయేదాకా తిప్పి పట్టేవారు. కాలేయపు నూనెను చెక్క పడవలకు నీళ్లు దిగకుండా పూసేవారు, మాంసం విదేశాలకు పోయేది. 2001లో నిషేధం వచ్చింది గానీ, ఒక్క ఉత్తర్వుతో ఏదీ మారలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ తదితర సంస్థలు కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. కథావాచకుడు మొరారి బాపు ఈ సొరను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డగా చెప్పారు, ‘వ్హాలీ’ (గుజరాతీలో ప్రియమైనది) అనే పేరు జనంలోకి వెళ్లింది. పుట్టింటికొచ్చిన బిడ్డను చంపుతామా అన్న మాట చట్టం చేరని ఇళ్లలోకి చేరింది.

మాట ఒక్కటే చాలదని వాళ్లకు తెలుసు. సొరను వదలాలంటే వల కోయాలి. కోసిన వలకు 25 వేల రూపాయల దాకా పరిహారం పెట్టారు. మొదట్లో అధికారి వచ్చి చూసేదాకా సొర వలలోనే గంటల తరబడి ఉండాల్సి వచ్చేది. తర్వాత నీళ్లలో తడిసినా పాడవని కెమెరాలు మత్స్యకారులకే ఇచ్చి, వాళ్లు తీసిన ఫొటోనే సాక్ష్యంగా ఒప్పుకున్నారు. విడుదల నిమిషాల్లోకి వచ్చింది. అలా వదిలినవి 900 దాటాయి. తూర్పు తీరానికి అరువు తెచ్చుకోవాల్సింది ముఖ్యంగా ఈ ఫొటో పద్ధతినే.

## ఎదురుపడినప్పుడు

వలలో తిమింగల సొర పడింది, ఏం చేయాలి?

ముందు ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టండి. వలను బోటులోకి లాగొద్దు, లాగితే బరువుకు మొప్పలు చిట్లుతాయి, బోటు ఒరుగుతుంది. సొర వెనక్కి ఈదలేదు కాబట్టి దాని తల ఎటుందో చూసి ఆ వైపు వల కోయండి, ముందుకు దారి దొరికితే తనే వెళ్తుంది. రింగు వలైతే తేలుతాళ్లను ఒక వైపు ముంచినా సరిపోవచ్చు. నీళ్లలోకి దూకొద్దు. తోకకు తాడు కట్టి వెనక్కి లాగడం అన్నిటికన్నా చెడ్డది: మొప్పల్లో నీరు ఎదురు తిరిగి ఊపిరాడదు. వదిలాక ఒంటికి వల ముక్క చుట్టుకుని లేదని చూసుకోండి. ఎడమ పక్క ఫొటో, సమయం, జీపీఎస్ స్థానం రాసిపెట్టి ఒడ్డుకు చేరాక అటవీశాఖకు ఇవ్వండి. పొరపాటున పడిన సొరను బతికుండగా వదిలినందుకు కేసు ఉండదు, భయపడి దాచవద్దు.

ఒడ్డుకు కొట్టుకొస్తే?

112కు, తీరరక్షక దళం నంబరు 1554కు వెంటనే చెప్పి అటవీశాఖకు కబురు పెట్టించండి. ఈలోపు మూడు పనులు: జనాన్ని దూరంగా నిలపడం, మొప్పల మీద సముద్రపు నీళ్లు పోస్తూ ఉండటం, ఇసుక మొప్పల్లోకి పోకుండా చూడటం. మీదెక్కి ఫొటోలు దిగనీయొద్దు, నీళ్లు మోయని ఒంటికి సొంత బరువే భారం. పోటు వచ్చేసరికి తల సముద్రం వైపు తిప్పాలి. తాడుకు బదులు వెడల్పాటి టార్పాలిన్ లేదా మెత్తని పట్టీ ఒంటి కింద నుంచి వేసి తిప్పండి. నీళ్లలోకి చేరాక వదిలేసి వచ్చేయకండి. లోతు దొరికేదాకా ఒక పడవ దాని పక్కనే ఉండాలి, చాలాసార్లు మళ్లీ ఒడ్డుకే తిరుగుతుంది.

మా ఆవును పులి చంపింది, ఇప్పుడేం చేయాలి?

కళేబరాన్ని కదపకండి. పులి మళ్లీ తినడానికి వస్తుంది, అది లేకపోతే ఇంకో పశువును చూసుకుంటుంది. అదే రోజు అటవీశాఖ బీట్ అధికారికి చెప్పి, ఫొటోలు తీసి, పశువైద్యుడి ధ్రువపత్రంతో పంచనామా రాయించండి. ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు జత చేయాలి. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా వైద్యుడి మదింపు లేకపోవడం వల్ల, లేదంటే ఆలస్యంగా చెప్పడం వల్ల. కళేబరంలో పురుగుమందు కలపాలనే ఆలోచన రానివ్వకండి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో అలాగే పులి చనిపోయింది, కేసులు పడ్డాయి. ఆ విషం నక్కలకు, గద్దలకు, ఊరి కుక్కలకూ పాకుతుంది.

పొలంలోనో అడవి దారిలోనో పులి ఎదురైతే?

పరుగెత్తొద్దు, వంగొద్దు, కూర్చోవద్దు. పులివైపే ముఖం పెట్టి, చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ నెమ్మదిగా వెనక్కి నడవండి. పత్తి ఏరేటప్పుడు వంగిన మనిషి దానికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు కాబట్టి గుంపుగా ఉండి, ఒకరు నిలబడి చుట్టూ చూస్తూ ఉండాలి. పులి వెనక నుంచే వస్తుంది, అందుకే సుందర్‌బన్స్‌లో తల వెనక ముఖం మాస్కు పెట్టుకునే పద్ధతి వచ్చింది. తెల్లవారుజామున, పొద్దుగూకాక ఒంటరిగా వెళ్లొద్దు. కూనలు కనిపిస్తే తల్లి పక్కనే ఉన్నట్టు.

సముద్రంలో ఈదేటప్పుడు తిమింగల సొర దగ్గరకొస్తే?

ఆస్ట్రేలియాలోని నింగలూ నిబంధనలు పాటించండి: ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం, ఒకేసారి పదిమందికి మించకుండా. ముట్టుకోవద్దు, ఎదురు అడ్డుకోవద్దు, ఫ్లాష్ వాడొద్దు. దాని కంటికి రెప్ప లేదు. కంటి గుడ్డు మీదే సూక్ష్మమైన పంటి పొలుసులు కవచంలా ఉంటాయి, భయం వేస్తే గుడ్డును లోపలికి లాక్కుంటుంది. కన్ను లోపలికి పోయిందంటే మీరు మరీ దగ్గరకు వచ్చారన్నమాట.

## ప్రాజెక్టు రాసేవాళ్లకు

పోలిక పట్టికలో ఏ వరుసలు పెట్టాలి?

శాస్త్రీయ నామం, ఆహారం, ఈడుకు వచ్చే వయసు, ఒక ఈతలో పిల్లలు, ఈతల మధ్య వ్యవధి, తిరిగే పరిధి, ఎర్ర జాబితా వర్గం, ఆ వర్గం ఏ కొలమానంతో వచ్చిందన్నది, ప్రధాన ముప్పు, చట్టపు రక్షణ తేదీ. బరువు, పొడవు, వేగం లాంటివి చూడ్డానికి బాగుంటాయి గానీ ముప్పు గురించి ఏమీ చెప్పవు. వ్యవధి గడిలో పులికి రెండు రెండున్నరేళ్లు అని రాసి, సొర గడిలో ‘ఇంకా తేలలేదు’ అని రాయండి. ఖాళీ నింపడానికి ఊహించిన అంకె వేస్తే మార్కులు పోతాయి. ప్రతి సంఖ్య పక్కన ఏడు రాయండి, పులుల లెక్క నాలుగేళ్లకోసారి మారుతుంది. వీలుంటే ఒక చిన్న గ్రాఫ్ గీయండి: అడ్డంగా ఏళ్లు, నిలువుగా వంద జీవుల గుంపులో పిల్లల్ని కనే ఆడవి. పిల్లలతో మొదలైన పులుల గీత నాలుగో ఏట పైకి లేస్తుంది, సొర గీత పాతిక దాటేదాకా నేల మీదే ఉంటుంది.